బేస్‌బాల్ స్టేడియంలో ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఇంటి నుంచి ఏం పట్టుకెళ్లాలి

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. గోల్డెన్ గేట్ బ్రిడ్జి అయిపోతుంది, గుడి అయిపోతుంది, అవుట్‌లెట్ మాల్ రెండుసార్లు అయిపోతుంది, ఇక ఈ శనివారం ఎక్కడికి అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు ఎవరో ఒకరు బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్దామా అంటారు. తప్పకుండా వెళ్లండి. ఆట అర్థం కాకపోయినా ఆ పచ్చటి మైదానం, ఆ జనం, ఆ హడావుడి పెద్దవాళ్లకి బాగా నచ్చుతాయి. చిక్కంతా తిండి దగ్గరే వస్తుంది. ఏం తినాలో తెలియదు, దేంట్లో ఏ మాంసం ఉందో తెలియదు, ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది, లైన్లో నిలబడి వచ్చేసరికి అసలు చూడాల్సిన ఆట కాస్తా అయిపోతుంది.

నేను బే ఏరియాలో ఉంటాను. శాన్‌ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్క్‌కి ఏటా నాలుగైదుసార్లు వెళ్తాను, ఆఫీసు పని మీద వేరే ఊరెళ్తే అక్కడి స్టేడియం కూడా చూసి వస్తాను. ఇన్నేళ్లలో నాకు కుదిరిన పద్ధతి ఇది: ఆకలి తీరడానికి స్టేడియంలో కొనొద్దు. ఆకలికి ఇంటి నుంచి పట్టుకెళ్లండి, ఆ ఊళ్లో తప్ప ఇంకెక్కడా అంత బాగా దొరకని ఒక్కటి మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోండి, దాన్ని కూర్చుని తీరిగ్గా తినండి. ఇక ఒక్కో పనీ వరసగా చెప్తాను.

ముందు రోజు: సంచి సంగతి

బయటి తిండి లోపలికి రానివ్వరని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. సినిమా హాలు అలవాటు అది. మేజర్ లీగ్ (అంటే పై స్థాయి బేస్‌బాల్) స్టేడియాల్లో చాలావాటిలో ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు, మూత తీయని ప్లాస్టిక్ నీళ్ల సీసా కూడా తీసుకెళ్లొచ్చు. ఒరాకిల్ పార్క్‌లో రానిస్తారు. గాజు సీసాలు, డబ్బా డ్రింకులు, గట్టి కూలర్ పెట్టెలు మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. సంచి ఎంత సైజుండాలి, అందులోవి బయటికి కనిపించేలా ఉండాలా, తిండి పారదర్శకమైన కవర్లో పెట్టాలా అనేవి ఒక్కో స్టేడియానికి ఒక్కోలా ఉంటాయి, ఏటా మారుతుంటాయి కూడా. అందుకే ముందు రోజు రాత్రి ఆ జట్టు వెబ్‌సైట్‌లో సంచుల నియమాలు ఒకసారి చదవండి. రెండు నిమిషాల పని. ఇది చేయక సంచి పట్టుకుని మళ్లీ కారు దాకా, అదీ అరమైలు అవతల పార్కింగ్ దాకా నడిచిన కుటుంబాలను చాలాసార్లు చూశాను.

అలాగే ఇప్పుడు చాలా స్టేడియాల్లో నగదు తీసుకోరు, కార్డో ఫోనో ఉండాలి. నాన్నగారు తనే కొంటానని నోటు తీసుకుని లైన్లో నిలబడితే పాపం ఇబ్బంది పడతారు, కాబట్టి వాళ్లతో ఒకరు వెళ్లండి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి

పులిహోర. ఇందులో నాకు రెండో మాట లేదు. చల్లారినా బాగుంటుంది, పొద్దున చేస్తే సాయంత్రానికి ఇంకా బాగుంటుంది, వేడి చేయక్కర్లేదు, ఒలికిపోదు, స్పూను ఒకటుంటే చాలు. ఇంట్లో స్టీలు డబ్బా ఉన్నా అది పెట్టకండి. పల్చటి ప్లాస్టిక్ డబ్బాల్లో మనిషికొకటి చొప్పున సర్దండి. ఒడిలో పెట్టుకుని తినాలి, పక్కవాళ్లకి మోచెయ్యి తగలకుండా తినాలి, పెద్ద డబ్బా తెరిచి వడ్డించే చోటు ఆ సీట్లలో ఉండదు. పిల్లలకైతే బంగాళదుంప కూర పెట్టి చుట్టిన చపాతీలు ఇంకా తేలిక. పెద్దవాళ్లకి పెరుగన్నం కావాలంటే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని జిప్ కవర్లో పెట్టండి. ఉల్లిపాయ, గుడ్డు, చేపలాంటి ఘాటు వాసనవి మాత్రం వద్దు, ముందు వరసవాళ్లూ టికెట్ కొనుక్కునే వచ్చారు.

ఒక చిన్న పొట్లంలో కారప్పొడి తీసుకెళ్లండి. నల్లకారమైనా, కంది పొడైనా పర్వాలేదు. స్టేడియం తిండికి ఉప్పుంటుంది, నూనె ఉంటుంది, చీజ్ ఉంటుంది, కారం ఉండదు. పోయినేడు మా అమ్మ ఫ్రెంచ్ ఫ్రైస్ మీద నల్లకారం చల్లి పక్క సీట్లో ఉన్న ఒక పెద్దాయనకి కూడా రెండు ఇచ్చింది. ఆయన తిని, నీళ్లు తాగి, మళ్లీ చెయ్యి చాచాడు.

ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి

ఇది చాలామంది పట్టించుకోరు కానీ అసలు కీలకం ఇక్కడే ఉంది. బేస్‌బాల్‌లో 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి, 3 అవుట్లకి మారిపోతాయి. మధ్యలో రెండు నిమిషాల పైచిలుకు విరామం. పాతరోజుల్లో ఆట సాగుతూనే ఉండేది కాబట్టి లైన్లో నిలబడ్డా పెద్దగా పోయేదేం లేదు. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు, అంటే బౌలర్ ఇన్ని సెకన్లలోపు బంతి వేసి తీరాలి. దాంతో 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలున్న ఆట 2 గంటల 40 నిమిషాలకి దిగింది. ఇప్పుడు మీరు పావుగంట లైన్లో నిలబడితే ఒక ఇన్నింగ్స్ దాదాపు పోయినట్టే.

అందుకని ఇలా చేయండి. ఆటకి గంట ముందే లోపలికి వెళ్లండి. ముందు సీటు చూసుకుని, తర్వాత స్టేడియం చుట్టూ ఒక రౌండ్ నడవండి, ఏం కొనకుండా ఊరికే చూస్తూ నడవండి. ఏ స్టాల్ దగ్గర ఏముందో, ఎక్కడ అప్పటికప్పుడు వేయించి ఇస్తున్నారో, ఎక్కడ ముందే వేయించి వేడి పోకుండా దీపాల కింద పెట్టారో ఈ రౌండ్‌లోనే తెలిసిపోతుంది. దీపాల కింద పెట్టినవి వద్దు. మొదటి రెండు ఇన్నింగ్స్ అందరూ ఎగబడే సమయం కాబట్టి అప్పుడు లేవకుండా ఇంటి డబ్బా తెరవండి. మూడో ఇన్నింగ్స్ మధ్యలో, అవతలి జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు, ఒక్కరే లేచి వెళ్లండి. 3 అవుట్లయ్యాక లేస్తే మీతోపాటు వెయ్యిమంది లేస్తారు. ఒక అవుట్ ఉండగానే లేస్తే దారి ఖాళీగా ఉంటుంది. ఏడో ఇన్నింగ్స్ దాటాక స్టాళ్లు ఒక్కోటీ మూసేస్తుంటారు, మిగిలిందే పెడతారు, ఆ సమయంలో డబ్బు పెట్టకండి.

సీటు మైదానం అంచు గీత (బేస్‌లైన్) పక్కన ఉంటే ఒక జాగ్రత్త. బంతి వేసే క్షణంలో తల దించుకుని తినొద్దు. వలలు ఇదివరకటికంటే దూరం దాకా కట్టారు కానీ వల పైనుంచి ఎగిరి వచ్చే ఫౌల్ బంతులు, అంటే గీత అవతలికి పక్కకి పోయే బంతులు, ఉంటూనే ఉంటాయి. బంతి పడ్డాక ముద్ద పెట్టుకోండి. పిల్లలకీ ఇదే నేర్పండి.

ఏ మాంసమో అడగండి, "చిల్లీ" అన్నమాట దగ్గర రెండుసార్లు ఆగండి

శాకాహారులకీ, బీఫ్ తినని వాళ్లకీ, పోర్క్ తినని వాళ్లకీ ఈ భాగం ముఖ్యం. హాట్‌డాగ్ అంటే మామూలుగా బీఫ్, లేదా బీఫ్, పోర్క్ కలిపినది. బాస్టన్ ఫెన్‌వే పార్క్‌లో అమ్మే ఫెన్‌వే ఫ్రాంక్‌లో రెండూ ఉంటాయి. లాస్ ఏంజలెస్ డాడ్జర్ స్టేడియంలో పేరుమోసిన డాడ్జర్ డాగ్ ఏళ్ల తరబడి పోర్క్‌తోనే చేశారు. చికెన్ అని ఊహించుకుని ఏదీ కొనకండి. చికెన్ కావాలంటే చికెన్ టెండర్స్ అని అడగండి, అవి ఎక్కడైనా ఉంటాయి, ఎక్కడైనా ఒకేలా ఉంటాయి.

నాకు జరిగింది చెప్తాను. ఏ ఊరు, ఏ స్టేడియం అన్నది వదిలేయండి. మా పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. నాచోస్ (చిప్స్ మీద చీజ్ సాస్ పోసి ఇచ్చేవి) కొనడానికి తనే ముచ్చటపడి కౌంటర్ దాకా వచ్చింది. ఆ అమ్మాయి "విత్ చిల్లీ?" అని అడిగింది. పెద్దమ్మకి అర్థమైన ఒకే మాట అది, కారం ఎక్కువ వేయనా అని అడుగుతోందనుకుని సంతోషంగా తలూపింది. నేను పక్కన కార్డు తీస్తున్నాను, పట్టించుకోలేదు. అక్కడ చిల్లీ అంటే బీఫ్ కీమా, చిక్కుడు గింజలు వేసి ఉడికించిన కూర. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక తేడా తెలిసింది. పెద్దమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, బాత్‌రూమ్‌కి వెళ్లి నోరు కడుక్కుని వచ్చింది, ఆ రోజంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగా ఉంటుంది. అందుకే చెప్తున్నాను, పెద్దవాళ్లని కౌంటర్ దగ్గర ఒంటరిగా వదలకండి. మిరపకాయ ముక్కలు కావాలంటే హాలపేన్యోలు అని అడగాలి, "నో మీట్, నో చిల్లీ" అని విడిగా చెప్పాలి.

వేయించిన వాటి విషయంలో అదే నూనెలో చికెన్ కూడా వేయిస్తున్నారా అని అడగండి. చాలాచోట్ల ఒకే మూకుడు. చిక్కుడు గింజల కూరలో పంది కొవ్వు వేసే పద్ధతి ఉంది కాబట్టి అదీ అడగండి. కచ్చితమైన పట్టింపు ఉన్నవాళ్లకి పాప్‌కార్న్, సాల్ట్ ప్రెట్జెల్, వేరుశెనక్కాయలు, పళ్ల ముక్కలు ఉన్నాయి. వెజ్ హాట్‌డాగ్ ఇప్పుడు చాలా స్టేడియాల్లో దొరుకుతుంది, దాన్ని షికాగో పద్ధతిలో పెట్టించుకోండి. ఆవాల సాస్, ఉల్లిపాయ, టమాటా, దోసకాయ ఊరగాయ ముక్క, చిన్న పచ్చి మిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. ఆ పుల్లదనం, ఆ కారం మన నోటికి బాగా పడతాయి. షికాగోవాళ్లు దానిమీద కెచప్ వేయరు, మీరూ వేయకండి, కెచప్ వేస్తే తీపి తప్ప ఇంకేం తెలీదు.

ఇక డబ్బు పెట్టాల్సిన ఆ ఒక్కటి

ఒరాకిల్ పార్క్ అయితే గార్లిక్ ఫ్రైస్. ఆలోచించక్కర్లేదు. జెయింట్స్ జట్టు పాత మైదానం క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో ఉన్నప్పుడే, 1990లలో మొదలైంది ఈ అలవాటు. గిల్‌రాయ్ అని ఇక్కడికి దక్షిణాన గంటన్నర దూరంలో ఒక ఊరుంది, వెల్లుల్లికి పేరు. గుంటూరంటే మిరప గుర్తొచ్చినట్టు ఇక్కడివాళ్లకి గిల్‌రాయ్ అంటే వెల్లుల్లి. వేడి ఫ్రైస్ మీద సన్నగా తరిగిన వెల్లుల్లి, నూనె, పార్స్లీ ఆకు కలిపి వేస్తారు. పచ్చిగా కాదు, మాడినట్టూ కాదు, ఆ మధ్యలో ఉంటుంది. తినేటప్పుడు పైపైన తినేయకండి. వెల్లుల్లంతా కాగితపు ట్రే అడుగుకి జారుతుంది, నాలుగు ఫ్రైస్ కలిపి అడుగు నుంచి తుడిచినట్టు తీసుకోండి, అప్పుడు ఒక్కో వెల్లుల్లి పలుకూ పంటికింద తగులుతుంది. పది నిమిషాల్లో తినేయాలి. అక్కడ జులైలో కూడా సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి చల్లగాలి, పొగమంచు వస్తాయి, ఫ్రైస్ చల్లారి మెత్తబడిపోతాయి. ధర 10 డాలర్లు దాటుతుంది, ఇద్దరికి ఒకటి చాలు. అమ్మానాన్నలకి స్వెటర్లు మరిచిపోవద్దు.

అన్నం లేకపోతే తిన్నట్టుండదు అనేవాళ్లకి అదే స్టేడియంలో సెంటర్ ఫీల్డ్ వెనక చా చా బౌల్ ఉంది. జెయింట్స్ తరఫున ఆడిన ఒర్లాండో సెపెడా పేరుమీద నడిచే స్టాల్. ప్యూర్టో రికోలో పుట్టి, 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో చేరి, 2024లో కన్నుమూశాడు. అన్నం, నల్ల చిక్కుడు గింజలు, మసాలా పట్టించి కాల్చిన చికెన్, పైన అనాస ముక్కలు. చికెన్ తినేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే, మన నాలుకకి ఇంత దగ్గరగా ఉండే తిండి ఇంకే స్టాల్‌లోనూ నాకు దొరకలేదు. అక్కడే పక్కన 2014లో పెట్టిన కూరగాయల తోట ఉంది, ఆకుకూరలు మళ్లలో పెరుగుతుంటాయి. అమ్మ అయితే ఆటకంటే దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడింది. పీత మాంసం పెట్టిన సాండ్‌విచ్ కూడా పేరున్నదే, పుల్లటి సోర్‌డో రొట్టెని వెల్లుల్లి వెన్నతో కాల్చి ఇస్తారు. బాగుంటుంది, కానీ 20 డాలర్ల పైమాటే. గోదావరి జిల్లాల్లో పీతల పులుసు తిని పెరిగినవాళ్లకి అంత డబ్బు పెట్టినంత తృప్తి కలగదని నా అభిప్రాయం.

వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకి. డాలస్ వైపు మనవాళ్లు బోలెడుమంది కాబట్టి ముందు ఆర్లింగ్టన్. స్టేడియం నాచోస్ పుట్టింది అక్కడే. 1976లో ఫ్రాంక్ లిబర్టో అనే వ్యాపారి అక్కడి జట్టు రేంజర్స్ పాత మైదానంలో చిప్స్ మీద కరిగిన చీజ్ సాస్ పోసి అమ్మడం మొదలుపెట్టాడు. చీజ్ తురుము కరిగేదాకా ఆగక్కర్లేదు, లైన్ చకచకా కదులుతుంది, హాలపేన్యోల కారానికి కూల్‌డ్రింకులు అమ్ముడవుతాయి. అందుకే దేశమంతా పాకింది. నాచోస్ తినాలంటే అక్కడ తినండి, అయితే చిల్లీ సంగతి చెప్పాను కదా.

సియాటిల్‌లో మిడతలు. అవును, నిమ్మరసం, కారం, ఉప్పు పట్టించి వేయించిన మిడతలు. మెక్సికోలోని వహాకా ప్రాంతపు తిండి అది. 2017లో మొదలుపెట్టగానే అయిపోయేవి, దాంతో ఆటకి 312 కప్పులే అమ్ముతామన్నారు, అక్కడి జట్టు మాజీ ఆటగాడు ఎడ్గర్ మార్టినెజ్ కెరీర్ బ్యాటింగ్ సగటు .312 కాబట్టి. నేను తిన్నాను. వేయించిన ఎండురొయ్యలు తినేవాళ్లకి ఇందులో కొత్తేం లేదు, కరకర, పులుపు, కారం, అంతే.

ఫిలడెల్ఫియాలో క్రాబ్ ఫ్రైస్ అని చూసి శాకాహారులు పక్కకి వెళ్లిపోతుంటారు. అందులో పీత ఉండదు! పీతలు ఉడికించేటప్పుడు వేసే మసాలా పొడిని బంగాళదుంపల మీద చల్లుతారు, పక్కన తెల్ల చీజ్ సాస్ ఇస్తారు. నూనె సంగతి అడిగి తీసుకోండి. అక్కడే ఒకప్పుడు డాలర్‌కి హాట్‌డాగ్ అమ్మే రోజులుండేవి. జనం హాట్‌డాగ్‌లు విసురుకోవడంతో 2024లో ఆపేశారు, పాత సలహా విని అదే ఆశతో వెళ్లకండి. బాల్టిమోర్‌లో 1992లో స్టేడియం తెరిచినప్పటి నుంచీ మాజీ ఆటగాడు బూగ్ పవెల్ పేరుతో బార్బెక్యూ స్టాల్ ఉంది, ప్రధానంగా బీఫ్, తినేవాళ్లకి మంచి చోటు.

వేరుశెనక్కాయలు

దీనికి ఏ ఊరైనా ఒకటే. పొట్టుతోనే ఉప్పు పట్టించి వేయించిన కాయలు సంచుల్లో వస్తాయి. మీరు చెయ్యెత్తితే మెట్లమీద అమ్మేవాళ్లు దూరం నుంచే సంచి విసురుతారు, పిల్లలకి అదో సరదా. అయితే అక్కడ కొనే ధరకి బయట దుకాణంలో నాలుగైదు సంచులు వస్తాయి, కాబట్టి బయట కొనే తీసుకెళ్లండి. మా నాన్నది అనంతపురం. ఆయన చేతిలో కాయ పెడితే చూడాలి, బొటనవేలితో ముక్కు దగ్గర ఒక్క నొక్కు, కాయ రెండుగా విడిపోతుంది, గింజలు అరచేతిలో రుద్ది ఊదితే పొట్టు ఎగిరిపోతుంది, కళ్లు మైదానం మీదే ఉంటాయి. బెంగళూరు రోడ్డు పక్కన బస్సు కోసం ఎదురుచూసినప్పుడు తిన్నట్టే ఉందిరా అన్నాడు. తొక్కలు కింద పడేయడం అక్కడ మామూలే, ఆట అయ్యాక ఊడ్చేస్తారు. అయినా మా అమ్మ ఊరుకోదు, ఒక కవర్ తెచ్చి అందులో వేయిస్తుంది.

ఎవరికైనా పల్లీల అలర్జీ ఉంటే మాత్రం జాగ్రత్త. కొన్ని జట్లు అలాంటివాళ్ల కోసం పల్లీలు లేని సీట్లు పెడతాయి, టికెట్ కొనే ముందే కనుక్కోండి.

ఖర్చు తగ్గాలంటే

మైనర్ లీగ్‌కి, అంటే మేజర్ లీగ్‌కి కింది స్థాయి జట్ల ఆటలకి వెళ్లండి. టికెట్ తక్కువ, పార్కింగ్ తేలిక, లైన్లు చిన్నవి, పిల్లలు అటూ ఇటూ పరిగెత్తొచ్చు. డాలస్‌వాళ్లకి ఫ్రిస్కోలోనే రఫ్‌రైడర్స్ మైదానం ఉంది, ఎడిసన్ చుట్టుపక్కల వాళ్లకి బ్రిడ్జ్‌వాటర్‌లో సోమర్సెట్ పేట్రియట్స్ ఉన్నారు. నలుగురు ఉన్న కుటుంబం మొదటిసారి బేస్‌బాల్ చూడాలంటే నేను అటే పంపిస్తాను. బయటి తిండి నియమాలు మాత్రం ఇక్కడ వేరేగా ఉండొచ్చు, చూసుకుని వెళ్లండి.

ఆట అయ్యాక

గేటు బయట బండ్లు ఉంటాయి. బాస్టన్‌లో ఫెన్‌వే బయట లాన్స్‌డౌన్ వీధిలో సాసేజ్ బండ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలో, లాస్ ఏంజలెస్‌లో పెనం మీద ఉల్లిపాయలు, మిరపకాయలు వేయిస్తూ బేకన్ చుట్టిన హాట్‌డాగ్‌లు అమ్మేవాళ్లు. ఆ ఉల్లిపాయ వేగే వాసన స్టేషన్ దాకా వస్తుంది. బేకన్ అంటే పోర్క్, తినేవాళ్లు ధైర్యంగా తినండి, లోపలికంటే చవక, లోపలికంటే వేడి. పెనం మీద అప్పుడే కాలుతున్నదే ఇమ్మనండి, పక్కకి నెట్టి పెట్టినది వద్దు. ఎక్కువమంది నిలబడ్డ బండి దగ్గరే కొనండి. ఇక్కడ మళ్లీ నగదు పనికొస్తుంది, కాబట్టి నాన్నగారి నోటు ఇప్పుడు బయటికి తీయొచ్చు.

ఒరాకిల్ పార్క్‌లో అయితే చివరి ఇన్నింగ్స్‌కే సముద్రపు కాకులు (సీగల్స్) గుంపులుగా వచ్చి పైన తిరుగుతుంటాయి, జనం లేవగానే సీట్ల కింద పడ్డ ఫ్రైస్ కోసం దిగిపోతాయి. చేతిలో తిండి పట్టుకుని నిలబడొద్దు, తన్నుకుపోతాయి. మిగిలింది కవర్లో కట్టేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, వెల్లుల్లి వాసన నీళ్లకి పోదు. కాల్‌ట్రెయిన్ (ఇక్కడి లోకల్ రైలు) ఎక్కేవాళ్లు నాలుగో వీధి, కింగ్ వీధి మూల స్టేషన్‌కి పది నిమిషాలు నడవాలి, పెద్దవాళ్లతో ఉంటే చివరి అవుట్ కోసం ఆగకుండా తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లోనే కదలండి, కూర్చోవడానికి సీట్లు దొరుకుతాయి.